ఔట్‌లుక్‌లో ఇండెంట్ ఫారం ప్రివ్యూలో ఖాళీగా వస్తోంది, మెయిల్ తెరిస్తే మాత్రం కనిపిస్తోంది

స్టోర్స్_గుమాస్తా:
నమస్కారం. స్టోర్స్ విభాగానికి ఇండెంట్లు (సరుకు కావాలని పెట్టే కోరిక పత్రాలు) పంపడం కోసం ఔట్‌లుక్ 2016లో ఒక కస్టమ్ ఫారం తయారు చేసి, ఆఫీసులో అందరూ వాడుకునే ఫారాలుండే ఆర్గనైజేషనల్ ఫారమ్స్ లైబ్రరీలో పబ్లిష్ చేశాం. అందులో సరుకు పేరు, పరిమాణం, అంచనా విలువ, కావలసిన తేదీ అనే గడులున్నాయి. మెయిల్‌పై రెండుసార్లు నొక్కితే ఫారం చక్కగా తెరుచుకుంటోంది. అయితే మా మేనేజర్ గారు కిందికి బాణం మీట నొక్కుకుంటూ పోయి, అన్నిటినీ ప్రివ్యూ పేన్‌లోనే (మెయిల్ తెరవకుండానే లోపలిది చూపే భాగం, దీన్నే రీడింగ్ పేన్ అంటారు) చదివేస్తారు. అక్కడ పంపినవారి పేరు, సబ్జెక్టు తప్ప మిగతాదంతా తెల్లగా ఉండటంతో ఖాళీ మెయిల్ ఎందుకు పంపారని అడుగుతున్నారు. ఫారమ్స్ క్యాష్ (కంప్యూటర్ దాచుకునే ఫారం నకళ్లు) ఖాళీ చేసి, మళ్లీ పబ్లిష్ చేసినా ఫలితం లేదు. ఎక్కడ సరిచేయాలో తెలిసినవారు చెప్పగలరు.

ఎక్స్‌ఛేంజ్_పాతకాపు:
మీ ఫారంలో లోపమేమీ లేదండి. ఫారమ్స్ డిజైనర్‌లో గీసిన పేజీని ఔట్‌లుక్ ప్రివ్యూ పేన్‌లో చూపించదు. అది చూపేది మెయిల్ బాడీని మాత్రమే. మీవాళ్లు నింపుతున్నవి మీరు కొత్తగా చేర్చిన ఫీల్డులు కాబట్టి ఆ విలువలు మెయిల్‌తో పాటే చేరుతున్నా, బాడీలో ఒక్క అక్షరం కూడా ఉండటం లేదు. క్యాష్ ఖాళీ చేయడం వేరే జబ్బుకు మందు: ఫారం మార్చిన తరువాత కూడా పాత రూపమే తెరుచుకుంటుంటే అది పనికొస్తుంది.

తేలికైన దారి ఏమిటంటే, ఫారం వెనక ఉండే వీబీస్క్రిప్టులో (ఫారం చేత పని చేయించే చిన్న కోడ్‌లో) ఐటెమ్ సెండ్ అనే ఘట్టం దగ్గర, అంటే మెయిల్ పంపే క్షణంలో, ప్రతి ఫీల్డు విలువనూ తీసుకుని, ‘సరుకు: ఏ4 కాగితం, పరిమాణం: 40 రీములు’ అన్నట్టు వరుసకొకటిగా బాడీలో రాయించడం. ఫారం చూపలేని ఫోన్లలోనూ బ్రౌజర్‌లోనూ కూడా ఆ వరుసలు కనిపిస్తాయి కనుక మీ మేనేజర్ గారు ప్రయాణంలో ఉన్నా ఇండెంట్ చదవగలరు. అన్నట్టు, ‘ఫారం నిర్వచనాన్ని ఐటెమ్‌తో పాటు పంపు’ అన్న గడిలో టిక్ ఉంటే తీసేయండి. అది ఉంటే ఆ మెయిల్ పబ్లిష్ చేసిన ఫారంతో సంబంధం తెగి విడి ఫారంగా మారిపోతుంది, అలాంటి వాటిలో స్క్రిప్టు నడవదు.

కోడ్‌పిచ్చుక:
పైవారు చెప్పినదానితో పని గడుస్తుంది గానీ, ప్రివ్యూలో అచ్చంగా మీరు గీసిన ఫారమే కనపడాలంటే ఫారం రీజియన్ (ఔట్‌లుక్ సొంత పేజీలోనే అమరే ఫారం భాగం) వాడాలి. ఔట్‌లుక్ 2007తో వచ్చిన ఈ ఏర్పాటులో, పేజీ అడుగున చేరే రకం, అసలు పేజీ స్థానంలోనే కూర్చునే రకం రెండూ రీడింగ్ పేన్‌లో కనిపిస్తాయి. విడి పేజీగా వచ్చే రకం కనిపించదు. దాని ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో రీడింగ్ పేన్‌లో చూపాలా వద్దా అన్నదానికి ప్రత్యేకంగా ఒక అమరిక ఉంది. కాకపోతే రీజియన్‌కు వీబీస్క్రిప్టు పనికిరాదు, కామ్ యాడ్-ఇన్ (ఔట్‌లుక్‌కు జోడించే ప్రోగ్రాం) రాసి ప్రతి కంప్యూటర్‌లోనూ పెట్టాలి.

స్టోర్స్_గుమాస్తా:
ఇద్దరికీ ధన్యవాదాలు. యాడ్-ఇన్ రాయగలిగినవారు మా దగ్గర లేనందున మొదటి దారి పట్టాను. నా కంప్యూటర్ నుంచి పంపితే వరుసలు బాడీలోకి వస్తున్నాయి, పక్క సెక్షన్ వారు పంపితే మళ్లీ ఖాళీయే. ఫారం ఒకటే కదా, ఈ తేడా ఎందుకు?

ఎక్స్‌ఛేంజ్_పాతకాపు:
స్క్రిప్టు నడిచేది పంపేవారి కంప్యూటర్‌లో. 2017 సెప్టెంబరు భద్రతా అప్‌డేట్ల నుంచి కస్టమ్ ఫారం స్క్రిప్టును ఔట్‌లుక్ తనంతట తాను నడపనివ్వదు. మీ కంప్యూటర్‌లో ఎవరో ఇదివరకే అనుమతి ఇచ్చి ఉంటారు. రిజిస్ట్రీలో (విండోస్ అమరికలు దాచే చోట) ఔట్‌లుక్ కింద ఉన్న ఫారమ్స్ కీలో ‘డిజేబుల్ కస్టమ్ ఫారం ఐటెమ్ స్క్రిప్ట్’ విలువను 0గా పెట్టి, ‘ట్రస్టెడ్ ఫారం స్క్రిప్ట్ లిస్ట్’లో మీ ఫారం మెసేజ్ క్లాసు పేరును (ఔట్‌లుక్ ఆ ఫారంను గుర్తుపట్టే పేరు), అంటే ‘ఐపీఎం.నోట్’తో మొదలయ్యే ఆ పూర్తి పేరును, ఒక్క చుక్క కూడా తేడా రాకుండా చేర్చాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చేసే కన్నా మీ సిస్టమ్స్ విభాగం వారిని గ్రూప్ పాలసీ (అన్ని కంప్యూటర్లకూ ఒకేసారి అమరికలు పంపే ఏర్పాటు) ద్వారా పంపమనడం మంచిది. ఇప్పటికే వచ్చిన ఖాళీ ఇండెంట్లు దీనితో మారవు. వాటి కోసం మేనేజర్ గారి ఫోల్డరు జాబితాలో సరుకు, విలువ ఫీల్డులను కాలమ్‌లుగా చేర్చండి, తెరవకుండానే చదువుకుంటారు.

కోడ్‌పిచ్చుక:
ఒక్కమాట. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఇప్పుడు ఇస్తున్న ‘కొత్త ఔట్‌లుక్’లో కామ్ యాడ్-ఇన్‌లూ నడవవు, ఈ కస్టమ్ ఫారాలూ తెరుచుకోవు. వీబీస్క్రిప్టును క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. అందుకని నేను చెప్పిన రీజియన్ మీద ఇప్పుడు డబ్బు పెట్టవద్దనే అంటాను. బాడీలో వరుసలు రాయించి ప్రస్తుతానికి పని నడిపించుకుంటూనే, ఇండెంట్‌ను ఏదైనా వెబ్ ఫారంలోకి మార్చే ఏర్పాటు మొదలుపెట్టండి.