బర్మాలో పోయిన మా పెదతాతగారి పేరు ఇండియా గేట్ మీద ఉంటుందా?

ప్రశ్న: మా తాతగారి అన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలో రోడ్లు, వంతెనలు వేసే ఇంజనీరింగ్ దళం) చేరి బర్మా వెళ్లారు, మళ్లీ రాలేదు. ఇంట్లో మిగిలింది ఒక పతకం, మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం ఒకటి, అందులో సర్వీస్ నంబరు ఒక్కటే చదవడానికి వీలవుతోంది. ఏ రోజు పోయారో తెలియక మా నాయనమ్మ ఏటా మహాలయ అమావాస్యకి ఆయన పేరు చెప్పి స్వయంపాకం ఇప్పించేది. వచ్చే నెల ఢిల్లీ వెళ్తున్నాం, ఇండియా గేట్ మీద వెతకమంటారా?

జవాబు 1: అక్కడ దొరకదండీ. ఇండియా గేట్ మీదున్న 13 వేల పైచిలుకు పేర్లు మొదటి ప్రపంచ యుద్ధంలోనూ 1919 అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవాళ్లవి. పక్కనే 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం వచ్చాక పోయినవాళ్లవే ఉంటాయి. మధ్యలో మనవాళ్లు లక్షల మంది వెళ్లిన యుద్ధం మాత్రం ఈ రెండు చోట్లా కనిపించదు, నాకు ఎప్పుడూ బాధనిపించే విషయం ఇది. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్, భారత సైనికుల వివరాలు దాచే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో చూడండి, డబ్బులేం కట్టక్కర్లేదు. యాంగోన్ (పాత రంగూన్) దగ్గర తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ మెమోరియల్ మీద, సమాధి ఎక్కడుందో తెలియని సైనికుల పేర్లు దాదాపు 27 వేలు చెక్కారు. దహనం చేసినవాళ్లకి అక్కడే విడిగా ఇంకో స్మారకం ఉంది.

జవాబు 2: పేరుతో కాకుండా ముందు నంబరుతో వెతకండి. ఆ రోజుల్లో గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసేశారు, చాలామందికి ఇంటిపేరే ఉండదు. కొన్ని రికార్డుల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి, అవి కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పతకం అంచు మీద ఏమైనా చెక్కి ఉందేమో భూతద్దం పెట్టి చూడండి. అక్కడా దొరక్కపోతే బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్ అంటే వీళ్లే) వాళ్లకి నంబరుతో సహా ఉత్తరం రాయండి.

జవాబు 3: మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరానికి బాగా దగ్గర. అక్కడ ఇంటింటికీ ఒక సైనికుడు ఉంటాడు కాబట్టి యుద్ధాల్లో పోయినవాళ్లని ఊరు ఊరంతా తలుచుకుంటుంది, వేరే ఊళ్లలో ఆ భారమంతా ఒక్క ఇంటి మీదే పడుతుంది. రికార్డులో తేదీ దొరికితే మీ పురోహితుడు గారిని అడగండి, పాత పంచాంగం చూసి తిథి చెబుతారు. ఆయుధాల వల్ల పోయినవాళ్లకి మహాలయ పక్షంలో చతుర్దశి నాడు పెట్టే ఆచారం కూడా ఉంది. ఆయన పేరు, నంబరు, పోయిన తేదీ చెక్కించి మీ ఊరి బడి గోడ మీద ఒక రాయి వేయించండి, పంచాయతీ వాళ్లు కాదనరు.