సోఫా దగ్గర బేస్ చప్పగా ఉంది, వంటింట్లో మాత్రం గిన్నెలు అదురుతున్నాయి. సబ్ (బేస్ కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్ స్పీకర్) మార్చాలా?

ప్రశ్న:
అన్నలందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. బాడుగ ఇల్లు, కింద పోర్షన్. హాలు 14 అడుగుల పొడవు, 10 వెడల్పు, ఎత్తు కూడా 10. ఆర్‌సీసీ స్లాబు, కింద టైల్స్. 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, ఒక సబ్), రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) విడిగా ఉంది, సబ్‌వూఫర్ 10 అంగుళాలు. సబ్ టీవీ స్టాండు పక్కన, సోఫా హాలుకు సరిగ్గా నడిమధ్యలో పెట్టినాం. సోఫాలో కూర్చుంటే బేస్ ఏం తెలీదు. నీళ్లకని వంటింటి గడప కాడికి పోతే దద్దరిల్లిపోతాది, స్టాండులో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. గంగజాతరలో పంబలు మోగితే కడుపులో తెలుస్తాదే, అట్లా కావాల నాకు. 12 అంగుళాల సబ్ తీసుకునేదా?

జవాబు:
తీసుకో బ్రదర్. వాట్స్ ఎక్కువుండేది చూసి తీసుకో, సరిపోతాది.

జవాబు:
తమ్ముడూ, ఇప్పుడే డబ్బు పెట్టొద్దు. గడప దగ్గర గిన్నెలు అదురుతున్నాయంటే నీ సబ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. తేడా అంతా నువ్వు కూర్చునే చోట ఉంది.

శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. ఆ 1130ని గది పొడవుకు రెట్టింపుతో భాగించు. 14 అడుగులకు దాదాపు 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) వస్తుంది. ఆ 40 హెర్ట్జ్ శబ్దం రెండు చివరి గోడల దగ్గర బాగా పెరుగుతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. నీ సోఫా ఉన్నది అక్కడే. వెడల్పు, ఎత్తు రెండూ 10 కాబట్టి రెండింటికీ 56 హెర్ట్జే వస్తుంది. అందుకే గోడల వారగా, మూలల్లో ఆ ఒక్క మోత విపరీతంగా వినిపిస్తుంది. ఇటుక, కాంక్రీటు గోడలు బేస్‌ను అంతగా బయటికి పోనివ్వవు, అందుకని మన ఇళ్లలో ఈ హెచ్చుతగ్గులు మరీ ఎక్కువ. పల్చటి కార్పెట్ పరిచినా బేస్‌కు ఏమీ కాదు.

వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే మోత కొలత). చెవికి రెట్టింపు మోతగా అనిపించాలంటే సుమారు 10 కావాలి, అంటే పది రెట్లు పవర్. అట్టపెట్టె మీద వేసే పీఎంపీఓ (గొప్పకు వేసే క్షణకాలపు గరిష్ఠ పవర్) అంకెలను అసలు లెక్కలోకి తీసుకోవద్దు, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) ఎంతో చూడు.

ముందు సోఫాను వెనక్కి జరుపు. చెవులు టీవీ గోడకు 9 అడుగుల దూరంలో ఉంటే మంచిది. వెనక గోడకు ఆనించొద్దు, అక్కడ మోత ముద్దముద్దగా ఉంటుంది. తర్వాత సబ్‌ను ఎత్తి సోఫా మీద, నువ్వు కూర్చునే చోటే పెట్టు. బేస్ గిటార్ నడిచే పాట ఒకటి రిపీట్‌లో వేసి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ చెవి కిందికి పెట్టి విను. ఒకచోట మోత ఎక్కువగా ఉంటుంది, ఇంకోచోట అసలుండదు. ఏదో ఒకచోట ప్రతి స్వరమూ విడివిడిగా, సమానంగా వినిపిస్తుంది. సబ్‌ను అక్కడ పెట్టు. ఓపిగ్గా చేయి, నా దృష్టిలో కొత్త సబ్ కొన్నదానికంటే దీనివల్లే ఎక్కువ తేడా వస్తుంది.

సెట్టింగులు కూడా చూసుకో. రిసీవర్‌లో స్పీకర్లన్నీ ‘స్మాల్’ అని పెట్టు, క్రాసోవర్ (ఎన్ని హెర్ట్జ్ కింది శబ్దం సబ్‌కు పోవాలో చెప్పే హద్దు) 80. శాటిలైట్లు (సబ్ కాక మిగతా స్పీకర్లు) మరీ చిన్నవైతే 100, 120 దాకా పోవచ్చు. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్ చివరిదాకా తిప్పేయి, ఆ పని రిసీవర్ చేస్తుంది. నైట్ మోడ్ (పెద్ద శబ్దాలను అణిచే సెట్టింగు) ఆఫ్. టీవీ నుంచి శబ్దం వస్తుంటే దాని ఆడియో అవుట్‌పుట్ పీసీఎంలో ఉందేమో చూడు. చాలా టీవీలు అలా ఉంటే స్టీరియోనే పంపిస్తాయి, సినిమాలో బేస్ కోసం విడిగా పెట్టిన ఛానల్ పోతుంది. బిట్‌స్ట్రీమ్ గానీ పాస్‌త్రూ గానీ (శబ్దాన్ని మార్చకుండా రిసీవర్‌కు పంపేవి) పెట్టు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, టీవీ పీసీఎంలోనే ఉండాది! మార్చినా. వెనక బీరువా ఉంది, సోఫా అడుగున్నర మాత్రమే జరిగింది. సబ్ ఇప్పుడు పక్క గోడ కాడ ఉండాది. బేస్ బాగా వస్తాంది. కానీ కొన్ని పాటల్లో ఒకే మోత గూంయ్‌మని సాగతాది, బీరువా తలుపు కూడా కొట్టుకుంటాది.

జవాబు:
అడుగున్నరైనా చాలు, ఆ నడుమ గీత దాటావు కదా. సాగే మోత ఆ 56 దగ్గరే అయి ఉంటుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ (కోరిన హెర్ట్జ్‌ను మోగించే) యాప్ పెట్టుకుని, ఫోన్‌ను రిసీవర్‌కు కలిపి, వాల్యూమ్ తగ్గించి 30 నుంచి 80 దాకా మెల్లగా పెంచుతూ విను. ఎక్కడ ఉబ్బుతుందో దొరుకుతుంది. ఈక్వలైజర్‌లో (ఒక్కో హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పెంచే, తగ్గించే సెట్టింగు) అక్కడ మాత్రమే, సన్నగా 4, 5 డెసిబెల్స్ తగ్గించు. తగ్గినచోట మాత్రం పెంచొద్దు. గదే మింగేస్తున్న శబ్దాన్ని ఎంత పెంచినా రాదు, సబ్ మీద భారం పడటం తప్ప. బీరువా ఏ అంకె దగ్గర కొట్టుకుంటుందో కూడా అప్పుడే తెలుస్తుంది, తలుపు సందులో ఫెల్ట్ ముక్క అతికించు.

సబ్ వెనకున్న ఫేజ్ స్విచ్ (సబ్ శబ్దాన్ని ముందు స్పీకర్లతో కలిపేది) మర్చిపోవద్దు. 80 హెర్ట్జ్ టోన్‌ను సబ్, ముందు స్పీకర్లు రెండింటిలో మోగించి నువ్వు సోఫాలో కూర్చో. ఇంకొకరిని 0కీ 180కీ మార్చమను. ఎక్కువ వినిపించినదాంట్లో వదిలేయి.

ప్రశ్న అడిగినవారు:
సరే అన్నా, ఈ రాత్రికే చేస్తా. పైన ఓనర్ వాళ్లు ఉంటారు, సబ్ కింద రబ్బరు షీటు వేస్తే వాళ్లకు వినపడకుండా పోతాదా?

జవాబు:
పూర్తిగా పోదు. రబ్బరు నేలకు తగిలే అదురును తగ్గిస్తుంది, గాల్లో పోయే బేస్ స్లాబు దాటి పైకి పోనే పోతుంది. రాత్రి పది దాటితే సబ్ లెవల్ ఒక్కటే 6 డెసిబెల్స్ తగ్గించు, మాటలు, పాటలు మామూలుగానే వినిపిస్తాయి. ఈ పరీక్షలన్నీ పగలు పెట్టుకో.