ఛాయాగ్రాహియా, ఛాయాగ్రాహిణియా?

అమెరికా ఆదివాసులైన అరపాహో జనం పాత ఫోటోల గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. వాళ్లని ఫోటోలు తీసిన ఎడ్వర్డ్ కర్టిస్‌కి ‘నీడలు పట్టేవాడు’ అనే పేరుంది కదా, దానికి తెలుగు మాట వెతుకుతున్నాను. ఛాయాగ్రాహకుడు అని రాస్తే సినిమా కెమెరామన్ గుర్తొస్తున్నాడు. సుందరకాండలో నీడ పట్టి లాగే రాక్షసి సింహిక దగ్గర ‘ఛాయాగ్రాహి’ అని వచ్చే పాదం రెండు రోజులుగా నోట్లో ఆడుతోంది, మిగతాది అందడం లేదు. అక్కడ ‘హి’నా, ‘హిణి’నా? ఆడది కదా!

— ‘ఛాయాగ్రాహి మహావీర్యం తదిదం నాత్ర సంశయః’. ‘హి’నే, అదీ హ్రస్వం. ముందున్న ‘సత్త్వం’ నపుంసకం కాబట్టి. ఆడో మగో తేలకముందు హనుమంతుడు అనుకున్న మాట అది.

— తేలకపోవడమేమిటి మాస్టారూ? కిష్కింధకాండలో సుగ్రీవుడు రాక్షసి అని ముందే చెప్పాడు. ‘అంగారకేతి విఖ్యాతా ఛాయామాక్షిప్య భోజినీ’. పైగా అక్కడ ఉన్నది పట్టడం కాదు, లాక్కుని తినడం. కర్టిస్‌కి ఏది నప్పుతుందో చూసుకోండి.

— నా ఓటు ‘ఆక్షిప్య’కే. కర్టిస్ ఫోటో పుస్తకం 20 సంపుటాల్లో అరపాహోలు కనిపించేది ఆరో దాంట్లో, 1911లో, పీగన్, షయాన్ జనాలతో కలిపి. అదే సంపుటంలో ఒక పీగన్ గుడారం ఫోటో ఉంది. ఇద్దరు మగవాళ్లు కూర్చున్నారు, మధ్యలో ఒక గడియారం. అచ్చుకి వచ్చేసరికి గడియారం లేదు, చెరిపేశారు. వాళ్ల ఇంట్లో ఉన్న వస్తువుని వాళ్ల బొమ్మలోంచి తీసేశాక అది ఎవరి నీడ?

— ఛాయ అంటే నీడే అని ఎందుకు పట్టుబట్టడం? చామనచాయ అంటాం కదా, అది ఒంటి రంగు. 1898లో అమెరికాలోని ఒమాహా ఊళ్లో రైన్‌హార్ట్ స్టూడియో తరఫున మ్యూర్ అనే ఫోటోగ్రాఫర్ అరపాహోలను కూడా ఫోటోలు తీశాడు. ఆ కాలపు గాజు ప్లేట్లు ఎరుపుని సరిగా పట్టేవి కావు, నీలాన్ని మాత్రం తేలగొట్టేవి. నీలిపూస తెల్లబడుతుంది, ఎర్రపూస నల్లబడుతుంది, మనిషి చాయ ఉన్నదానికంటే ముదురుగా పడుతుంది. అంటే ప్లేటు నీడని పట్టింది గానీ చాయని పట్టలేదు.

— పేర్ల మాటేమిటి? షార్ప్ నోస్ అనే అరపాహో నాయకుడు అమెరికా సైన్యం కెప్టెన్ కోటు వేసుకుని నిలబడ్డ ఫోటో ఉంది, చూశారా? ‘వాడిముక్కు’ అని మాత్రం రాయకండి, తిట్టులా ఉంటుంది. మనకి కోటేరుముక్కు ఉంది. కోటేరంటే నాగలి. అందమైన ముక్కుకి మా అమ్మమ్మ వాడే మాట అదే.

— కోటేరు పొడవుకి పోలిక, పదునుకి కాదు. ఆ ఫోటోలో ముక్కు చూసి రాయండి, మాట చూసి కాదు. అసలు వాళ్లు తమని తాము పిలుచుకునేది హినోనోఎయి అని. వ్యాసం ఆ పేరుతో మొదలుపెట్టండి.

— శని శ్లోకంలోని ‘ఛాయామార్తాండసంభూతం’ ఎవరూ ఎత్తలేదే! సూర్యుడి భార్య సంజ్ఞ వెళ్లిపోతూ ఇంట్లో తన బదులు ఉంచిన మనిషి ఛాయ. సూర్యుడికి చాలాకాలం తేడా తెలియలేదు. మ్యూజియం అరల్లో ఉన్న ఆ గాజు ప్లేట్లూ అంతే. అందుకే గ్రాహి వద్దు, ఛాయ ఒక్కటే చాలు.

— ఒక్కటే రాస్తే సూర్యుడి భార్య అనుకోరూ? నాకింకా ‘హి’ దగ్గరే అనుమానం. మా నాన్న పారాయణలో ‘గ్రాహీ’ అని సాగదీసేవారు. ఆయన పుస్తకం ఊళ్లో ఉంది, ఆదివారం వెళ్లి చూస్తాను.