పాత ట్రక్కు, క్లచ్ తొక్కినా విడవట్లేదు. గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

పాతబండి:
అందరికీ నమస్తే. బండి 20 ఏళ్లు దాటింది, హైడ్రాలిక్ క్లచ్, ఎయిర్ బూస్టర్ లాంటివేం లేవు, పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మామూలు మాస్టర్ సిలిండరు, కింద గేర్‌బాక్స్ దగ్గర ఆ తోపుడుతో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండరు అంతే. రెండు నెలల్నుంచి ఒకటే గోల. పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు ఏదోలా నెట్టుకొస్తుంది గానీ ఒక గంట నడిపాక రివర్స్ వేద్దామంటే గర్రుమని పళ్లు కొరుకుతుంది, ఫస్ట్ గేరు కూడా బలంగా తోస్తే గానీ పడదు. ఇంజన్ ఆపేస్తే మాత్రం అన్ని గేర్లూ చిటికెన వేలితో పడిపోతున్నాయి. ఇంకోటి, ఫస్ట్‌లో పెట్టి క్లచ్ ఫుల్‌గా తొక్కి పట్టుకున్నా బండి మెల్లగా ముందుకి పాకుతుంది, బ్రేక్ మీంచి కాలు తీయడానికి లేదు. రెండు మూడు సార్లు పెడల్ కొట్టి వేస్తే కాస్త నయం.

మెకానిక్ ఇలా చూసి అలా క్లచ్ ప్లేట్ అయిపోయింది, గేర్‌బాక్స్ దించి సెట్టు మొత్తం మార్చేద్దాం అన్నాడు. డబ్బాలో ఆయిల్ లెవెల్ తగ్గట్లేదు, మాస్టర్‌కి కొత్త రబ్బర్ల కిట్ కూడా ఈమధ్యే వేయించా. దించే ముందు చూడాల్సినవి ఏమన్నా ఉంటే చెప్పండి ప్లీజ్.

గ్రీజు చేతులు:
తమ్ముడూ ఆగు, గేర్‌బాక్స్ జోలికి ఇప్పుడే పోకు. ప్లేట్ అరిగితే క్లచ్ జారుద్ది, అంటే ఎక్సలేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తది బండి లాగదు, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన. నీ కంప్లైంట్ దానికి పూర్తిగా ఉల్టా, నీది పట్టుకున్నది వదలకపోవడం. అరిగిన ప్లేట్ వదలకపోవడమనేది చాలా తక్కువ, లైనింగ్ ఊడి ముక్క ఇరుక్కుంటేనో ప్లేట్ వంగితేనో తప్ప. ఇంజన్ ఆపితే గేర్లు పడుతున్నాయంటే గేర్‌బాక్స్ లోపల కూడా పెద్దగా ఏం లేదనే లెక్క.

ముందు ఖాయం చేసుకో. న్యూట్రల్లో ఇంజన్ ఐడిల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా తొక్కి ఒక పది సెకన్లు ఆగి అప్పుడు రివర్స్ వెయ్యి. పాత బండ్లలో రివర్స్‌కి సాధారణంగా సింక్రో (గేరు పడే ముందు వేగాలు కలిపే రింగు) ఉండదు కాబట్టి అది అబద్ధం చెప్పదు. పది సెకన్లు ఆగినా కొరికిందంటే షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది, క్లచ్ విడవలేదు.

తర్వాత అసలు పని. ఇంజన్ ఆపు, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టు, హ్యాండ్ బ్రేక్ వెయ్యి. ఒకళ్లని పైన కూర్చోబెట్టి పెడల్ తొక్కించు, నువ్వు కింద స్లేవ్ సిలిండరు రాడ్ ఎంత బయటికొస్తుందో స్కేలు పెట్టి చూడు. చాక్‌పీస్‌తో ఒక గీత గీసుకుంటే ఈజీ. బండిని బట్టి మారుద్ది, కరెక్ట్ లెక్క నీ బండి మాన్యువల్‌లో చూసుకో, కాకపోతే చిన్న ట్రక్కుల్లో చాలావాటికి 12 మిల్లీమీటర్లు ఆ పైన వస్తేనే క్లచ్ శుభ్రంగా విడుస్తది. రాడ్ పూర్తిగా వస్తూ క్లచ్ విడవట్లేదంటే తప్పు లోపల, అప్పుడు దించక తప్పదు. రాడ్ సగమే వస్తుందంటే తప్పు పైన, అంటే పెడల్ నుంచి స్లేవ్ దాకా మధ్యలో ఎక్కడో. ఈ ఒక్క కొలత తీయకుండా గేర్‌బాక్స్ దించే వాడి మాట నేనైతే వినను.

అలాగే స్లేవ్ రబ్బరు బూటు అంచు వేలితో కొంచెం లాగి చూడు. పైకి పొడిగా కనిపిస్తది గానీ లోపల ఆయిల్ నిలిచి ఉంటది, నల్లగా కారిందంటే స్లేవ్ పోయినట్టే.

డీజిల్ పొగ:
గ్రీజు అన్న చెప్పింది కరెక్టే కానీ పైలట్ బేరింగ్ మర్చిపోవద్దు బ్రో. గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు క్రాంక్ షాఫ్ట్ చివర ఉన్న చిన్న బేరింగ్‌లో కూర్చుంటది, అది పట్టేసిందనుకో క్లచ్ ప్లేట్ వదిలేసినా సరే క్రాంక్‌తో పాటు షాఫ్ట్‌ని తిప్పుతూనే ఉంటది, సేమ్ నీ సింప్టమ్సే. నాకు ఇంకోలా అయింది, ఎనిమిది నెలలు ఎండకీ వానకీ బండి వదిలేశా, తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే గేరే పడదు. ప్లేట్ తుప్పు పట్టి ఫ్లైవీల్‌కి, అంటే ఇంజన్ చివర ఉండే బరువైన చక్రానికి, అతుక్కుపోయింది. ఎదురుగా ఎవరూ లేని ఖాళీ గ్రౌండులో గేర్లో పెట్టి సెల్ఫ్ కొట్టి, క్లచ్ నొక్కే ఉంచి, ఎక్సలేటర్ ఒకసారి బ్రేక్ ఒకసారి కొడుతూ పోతే ఠక్కుమని ఊడింది. కానీ నీ బండి రోజూ తిరుగుతుంది కదా, నీకది కాదు.

పాతబండి:
థాంక్స్ అన్నా. ఇవాళ పొద్దున్న మా తమ్ముడిని పెడల్ మీద కూర్చోబెట్టి కొలిచా. 11 వచ్చింది. బూటు లోపల కూడా చూశా, పొడిగానే ఉంది. 11 అంటే దాదాపు సరిపోయినట్టే కదా, అంటే లోపలిదేనా?

గ్రీజు చేతులు:
పొద్దున్న కొలిచావా? పొద్దున్న నీ బండి బాగానే ఉంటదని నువ్వే రాశావు కదయ్యా. జ్వరం ఉన్నప్పుడు చూడాలి గానీ తగ్గాక థర్మామీటర్ పెడితే ఏం తెలుస్తది. గంట నడిపి రివర్స్ కొరకడం మొదలెట్టాక అక్కడే ఆపి వెంటనే కొలువు. సైలెన్సర్ పైపు కాలుతూ ఉంటది, చెయ్యి జాగ్రత్త. ఇంకో ముక్క, పెడల్ తొక్కి ఒక నిమిషం అలాగే ఉంచమను. రాడ్ బయటికొచ్చి మళ్లీ మెల్లమెల్లగా వెనక్కి పోతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ లోపల ఉండే రబ్బరు కప్పు ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తుందన్నమాట. కొత్త కిట్ వేశారని నమ్మకం పెట్టుకోకు, లోపల బోరు గీతలు పడి ఉంటే కొత్త కప్పు కూడా ఆగదు.

లాంగ్ రూట్:
పెడల్ దగ్గర కూడా చూడండి సార్. డ్రైవర్ కాళ్లు పెట్టే చోట దూరి టార్చ్ వేసి, చేత్తో పెడల్ మెల్లగా నొక్కుతూ మాస్టర్ రాడ్ ఎప్పుడు కదలడం మొదలవుతుందో గమనించండి. పాత బండ్లలో పెడల్‌ని రాడ్‌ని కలిపే పిన్ను అరిగిపోయి, దాని హోలు గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు షేపులోకి వస్తుంది. పెడల్ ఇంచి దిగినా రాడ్ కదలదు, ఆ ఇంచి గాలిలోకి పోయినట్టే. ఇంకా కొన్ని బండ్లలో మాస్టర్ బిగించిన రేకే పగిలి ఉంటుంది, పెడల్ తొక్కితే మాస్టర్ మొత్తం ముందుకి ఊగుతుంది. బయటి నుంచి ఒకళ్లు చూస్తుంటే తెలిసిపోతుంది.

పాతబండి:
అన్నా దొరికింది అనుకుంటా!! నిన్న సాయంత్రం బాగా తిప్పి, కొరకడం మొదలెట్టాక కొలిస్తే 7. పొద్దున్న 11 సాయంత్రం 7, అదే పెడల్ అదే మనిషి. ఒక నిమిషం తొక్కి ఉంచితే రాడ్ వెనక్కి పోలేదు, అక్కడే నిలబడింది, కాబట్టి మాస్టర్ కాదనుకున్నా. లైన్‌లో గాలి ఉందేమో అని బ్లీడింగ్ చేశా (పెడల్ తొక్కిస్తూ కింద నుంచి ఆయిల్ బయటికి తీయడం), ఒక్క బుడగ రాలేదు గానీ ఆయిల్ మాత్రం డికాషన్ రంగులో వచ్చింది. పూర్తిగా కొత్త ఆయిల్ వచ్చేదాకా తీశా. మళ్లీ వేడెక్కాక 8.

అప్పుడు కింద రబ్బరు హోస్ మీద చెయ్యి వేసి పట్టుకుని పెడల్ తొక్కమన్నా. తొక్కినప్పుడల్లా అరచేతిలో ఉబ్బుతోంది, వదిలితే తగ్గుతోంది, ఎలకని మింగిన పాములా. ఆ హోస్ సైలెన్సర్ పైపుకి నాలుగు వేళ్ల దూరంలో ఉంది, పైన రేకు ఒకటి ఉండాలంట, నా బండికి ఆ రేకే లేదు, రెండు బోల్టు హోల్స్ మాత్రం ఉన్నాయి.

గ్రీజు చేతులు:
అదే. వేడికి రబ్బరు మెత్తబడి పెడల్ ఇచ్చిన తోపుడు అంతా హోస్ ఉబ్బడానికే సరిపోతుంది, స్లేవ్‌కి మిగిలేది ఏముంది. పెడల్ కొట్టి కొట్టి వేస్తే నయంగా ఉండేది కూడా అందుకే, వదిలిన వెంటనే మళ్లీ తొక్కితే మాస్టర్ ఇంకొంచెం ఆయిల్ లైన్‌లోకి తోస్తది. హోస్ మార్చు, రేకు ఏదో ఒకటి కట్ చేసి బిగించు. ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో 4 అనో బ్రేక్ ఆయిల్ రకం రాసి ఉంటది అదే పొయ్యి, ఇంజన్ ఆయిల్ గానీ పొరపాటున పోశావో రబ్బర్లన్నీ ఉబ్బి కొత్త కిట్ కూడా పోద్ది.

డీజిల్ పొగ:
పైలట్ బేరింగ్ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా 😄

పాతబండి:
అప్‌డేట్. హోస్ మార్చా, లాంగ్ రూట్ గారు చెప్పిన పిన్ను కూడా తీసి చూశా, నిజంగానే సగం అరిగి మధ్యలో గాడి పడింది, హోలు కూడా సాగిపోయింది. ప్రస్తుతానికి కొత్త పిన్ను వేశా. వేడెక్కాక కూడా 13 వస్తోంది. రివర్స్ చప్పుడు లేకుండా పడుతుంది, బండి పాకడం ఆగిపోయింది. ఒక్క సెకండ్ గేరు మాత్రం దించేటప్పుడు అప్పుడప్పుడు చిన్నగా కరకర అంటుంది, ఇన్నాళ్లు బలంగా తోసినందుకు సింక్రో దెబ్బతిన్నట్టుంది. ఇంక హోలు సాగింది కదా, దానికి సరిపడా కొంచెం లావు పిన్ను వేయొచ్చా?

లాంగ్ రూట్:
లావు పిన్ను వద్దు సార్, రాడ్ వైపు హోలు కూడా పెంచాల్సి వస్తుంది, రేపు మాస్టర్ మార్చినప్పుడు అది సరిపోదు. పెడల్ ఆర్మ్ విప్పి హోల్‌లో బుష్ కొట్టించండి, పాత సైజు పిన్నే ఉంచండి. పిన్నుకి కాస్త గ్రీజు పెట్టి, చివర స్ప్లిట్ పిన్ మాత్రం కొత్తది వేయండి, పాతది వంచి వంచి వేస్తే విరిగి నడిరోడ్డు మీద పెడల్ కింద పడిపోతుంది.