కీటాకు ఖాళీ గుడ్లు పంపమన్నారు: జర్మనీలో మా మొదటి ఈస్టర్

ప్రశ్న, స్టుట్‌గార్ట్ నుంచి:

అందరికీ నమస్కారం. డిసెంబరులో కాకినాడ నుంచి వచ్చాం. పాపకు నాలుగేళ్లు. సోమవారంలోగా ‘ఔస్‌గెబ్లాజెనె ఐయర్’ మూడు పంపమని పాప వెళ్లే కీటా, అంటే చిన్నపిల్లల బడి నుంచి కాగితం వచ్చింది. మా ఇంట్లో గుడ్డు వండం. పైగా పక్కింటి పెద్దావిడ ఈస్టర్ ఆదివారం పొద్దున గుడ్లు వెతకడానికి పాపను వాళ్ల తోటకు పిలిచారు. మేం హిందువులం. వెళ్లవచ్చా? ఏం తీసుకెళ్లాలి?

జవాబు, న్యూరెంబర్గ్ నుంచి:

చెల్లీ, తప్పకుండా వెళ్లండి. పండుగ పూట సొంత తోటలోకి పిలవడం ఇక్కడ చిన్న విషయం కాదు. ఆ వెతుకులాట పూర్తిగా పిల్లల సంబరం. చర్చికి వెళ్లని ఇళ్లలోనూ చేస్తారు. గుడ్లు తెచ్చేది ఓస్టర్‌హాజె, అంటే ఈస్టర్ కుందేలు. 1682లోనే ఒక జర్మన్ వైద్యుడు ఈ నమ్మకం గురించి రాశాడు. దాచింది పెద్దవాళ్లేనని పిల్లల ముందు ఎవరూ అనరు, మీరూ అనకండి.

ముందు కీటా సంగతి. వాళ్లు అడిగింది లోపలి సొన ఊదేసిన ఖాళీ గుడ్లు. పిల్లలు వాటికి రంగులు వేస్తారు. గుడ్డును సబ్బు నీళ్లతో కడిగి, లావుపాటి సూదితో పై కొనకు ఒక చిల్లు, కింది కొనకు కాస్త పెద్ద చిల్లు పెట్టండి. సూదిని లోపలికి పోనిచ్చి పచ్చసొనను చిదమాలి, లేకపోతే ఎంత ఊదినా రాదు. పచ్చి గుడ్డుకు నోరు ఆనించకుండా సన్నటి స్ట్రాతో పై చిల్లులోకి ఊదండి. మొదట తెల్లసొన దారంలా దిగుతుంది, తర్వాత పచ్చసొన ఒక్కసారిగా జారిపడుతుంది. పెంకు లోపల నీళ్లు పోసి కడిగి, ఒక రాత్రి ఆరనివ్వండి. గుడ్డు ముట్టుకోవడమే ఇష్టం లేకపోతే టీచరుకు ఆ మాటే చెప్పి, చెక్క గుడ్లు పంపండి. ఎవరూ తప్పు పట్టరు.

నా మాట వినండి, పండుగంతా దుకాణంలో కొనకండి. పిల్లలకు గుర్తుండేది పండుగకు ముందు పది రోజుల్లో మీతో కూర్చుని చేసిన పని. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్ కాబట్టి, ఏటా తేదీ మారుతుంది. ఈ వారాంతమే ఫోర్జీట్సియె అనే పూలపొద కొమ్మలు నాలుగు తెచ్చి, గోరువెచ్చని నీళ్ల కూజాలో పెట్టండి. వారం పది రోజుల్లో పసుపు పూలు విచ్చుకుంటాయి. వాటికి గుడ్లు వేలాడదీస్తే అదే ఓస్టర్‌ష్ట్రౌస్. వేలాడదీయడానికి ఒక ఉపాయం ఉంది. సగం అగ్గిపుల్లకు మధ్యలో దారం కట్టి, నిలువుగా చిల్లులోకి దింపి, దారం లాగండి. పుల్ల లోపల అడ్డం తిరిగి ఆగుతుంది.

థూరింగియాలోని జాల్‌ఫెల్డ్‌లో ఫోల్కర్ క్రాఫ్ట్ అనే ఆయన 1965లో తన తోటలోని ఆపిల్ మొక్కకు 18 ప్లాస్టిక్ గుడ్లు కట్టారు. ఏళ్లు గడిచేసరికి ఆ చెట్టుకు దాదాపు 10,000 గుడ్లు వేలాడాయి. మా వైపు పల్లెల్లో బావులనూ ఫౌంటెన్లనూ పూలతో, గుడ్లతో అలంకరిస్తారు. బీబర్‌బాఖ్ ఫౌంటెన్ ఒకసారి పాపకు చూపించండి.

గుడ్డు తినే ఇళ్లవాళ్ల కోసం రంగుల సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే సరుకంతా మన వంటింట్లోనే ఉంటుంది. నీళ్లలో పసుపు, కాస్త వెనిగర్ వేసి తెల్ల గుడ్లు ఉడికిస్తే బంగారు రంగు. ఉల్లి తొక్కలు అరగంట మరిగించిన నీళ్లలో ఉడికిస్తే ఇటుక రంగు. గుడ్డు మీద కొత్తిమీర ఆకు పరిచి, పాత నైలాన్ మేజోడు ముక్కలో బిగించి కట్టి ఉల్లి తొక్కల నీళ్లలో ఉడికించండి. విప్పి ఆకు తీస్తే ప్రతి ఈనే కనిపిస్తూ లేత రంగు ముద్ర మిగులుతుంది. చల్లారాక నూనె చుక్కతో రుద్దితే మెరుస్తుంది. మా అబ్బాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు, ఆ మూట విప్పే పని ఇప్పటికీ ఎవరికీ ఇవ్వడు.

పక్కింటికి నార్సిసస్ పూలగుత్తి తీసుకెళ్లండి. వాటిని ఇక్కడ ఓస్టర్‌గ్లోకెన్, ఈస్టర్ గంటలు అంటారు. ఖరీదైన బహుమతులు వద్దు, ఇది క్రిస్మస్ కాదు. పాపకు ఒక బుట్ట ఇచ్చి పంపండి. మీరు శాకాహారులు కాబట్టి జాగ్రత్త: జెల్లీ మిఠాయిల్లో చాలావాటికి జెలటిన్ ఉంటుంది. కొన్ని చాక్లెట్ గుడ్లలో గుడ్డుతో చేసిన మద్యం నింపుతారు. అట్ట మీద ‘ఐయర్‌లికోర్’ అని ఉంటే పిల్లలకు ఇవ్వకూడదు.

జవాబు, డ్రెస్డెన్ నుంచి:

అక్క చెప్పినదానికి ఒకటి రెండు కలుపుతాను. మేం గుంటూరు వైపు క్రైస్తవులం. ‘ఫ్రోహె ఓస్టర్న్’, అంటే ఈస్టర్ శుభాకాంక్షలు అని ఆదివారం నోరారా చెప్పండి. కానీ అంతకు ముందు శుక్రవారం, కార్‌ఫ్రైటాగ్ (మన గుడ్ ఫ్రైడే), ఇక్కడ మౌనంగా గడిపే రోజు. ఆ రోజు ఇంట్లో పాటలు గట్టిగా పెట్టకండి. శుక్రవారం, ఆదివారం, సోమవారం దుకాణాలు మూసేస్తారు. పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోండి.

శనివారం రాత్రి చాలా ఊళ్లలో ఓస్టర్‌ఫోయర్ అనే పెద్ద మంట వేస్తారు, మన భోగి మంటలా. పాపకు మందపాటి కోటు వేసి తీసుకెళ్లండి. వచ్చే ఏడాది పండుగకు మా వైపు రండి. బౌట్‌సెన్ చుట్టుపక్కల సోర్బ్ అనే స్లావిక్ జాతి క్రైస్తవులు ఈస్టర్ ఆదివారం నల్ల కోట్లు వేసుకుని, గుర్రాల మీద పాడుకుంటూ ఊరి నుంచి ఊరికి వెళ్తారు. మైనంతో గీసి రంగులు అద్దిన వాళ్ల గుడ్లను మా అమ్మాయి మొదటిసారి చూసి, అచ్చం అమ్మమ్మ ముగ్గులా ఉందంది.