కో-స్టిమ్యులేషన్‌కు ‘సహ ఉద్దీపన’ సరిపోతుందా?

ప్రశ్న: డిగ్రీ ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) పాఠం తెలుగు చేస్తున్నాం. టీ కణం (రోగనిరోధక శక్తికి పనిచేసే ఒక రకం తెల్ల రక్తకణం) ఉత్తేజితం కావడానికి మొదటి సంకేతంతోపాటు అందే రెండో సంకేతమే కో-స్టిమ్యులేషన్. “సహ ఉద్దీపన సంకేతాలు టీ కణాల వృద్ధికి దోహదం చేస్తాయి” అన్న వాక్యం నిలబడుతుందా?

జవాబు 1: ‘దోహదం’ దగ్గరే చిక్కండీ. దోహదం అంటే అది లేకున్నా పని ఎంతో కొంత నడుస్తుందని ధ్వని. ఇక్కడ సంగతి వేరు. డెండ్రైటిక్ కణం (టీ కణాలకు క్రిముల ఆనవాళ్లు చూపే కణం) తన మీది ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్‌లో పెట్టి చూపిన పెప్టైడ్‌ను, అంటే ప్రోటీన్ ముక్కను, టీ కణ గ్రాహకం గుర్తుపట్టడం మొదటి సంకేతం. టీ కణం మీది సీడీ28 అనే ప్రోటీన్‌కు డెండ్రైటిక్ కణం మీది సీడీ80 గానీ సీడీ86 గానీ తగలడం రెండోది, అదే సహ ఉద్దీపన. మొదటిదొక్కటే అందితే కణంలో కాల్షియం పెరిగి, జన్యువులను పనిచేయించే ఎన్‌ఎఫ్‌ఏటీ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్తుంది, కానీ దానికి జోడుగా ఉండాల్సిన ఏపీ-1 అనే అలాంటి మరో ప్రోటీన్ చాలదు. టీ కణాలను విభజనకు పురిగొల్పే ఐఎల్-2 తగినంత తయారవదు. పైగా తర్వాత రెండు సంకేతాలూ కలిపి ఇచ్చినా ఆ కణం సరిగా పలకదు. దీన్నే అనెర్జీ అంటారు. దయచేసి ‘అలసట’ అని రాయకండి. అది దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్లలో, కేన్సర్‌లో వచ్చే మరో స్థితి.

జవాబు 2: నాకు ‘వృద్ధి’ మీదే అభ్యంతరం. ఉత్తేజితమైన కణం దాదాపు మొదటి రోజంతా పరిమాణంలో పెరుగుతుంది, ఆ తర్వాతే విభజన. రెండింటికీ ఒకే మాట వాడితే ప్రయోగ ఫలితం చదవలేరు. ప్రయోగంలో కణాలకు ముందే పట్టించే సీఎఫ్‌ఎస్‌ఈ అనే మెరిసే రంగు ఒక్కో కణంలో విభజన విభజనకూ సగమవుతుంది. కణాలు పెద్దవైనా రంగు తగ్గలేదంటే విభజన జరగలేదన్నమాట. ‘సంఖ్యావృద్ధి’ అనండి.

ప్రాక్టికల్స్ పుస్తకం కూడా చేస్తుంటే ఇంకో మాట. మొదటి సంకేతానికి బదులుగా యాంటీ-సీడీ3 అనే యాంటీబాడీని ప్లేటుకు అంటిస్తారు (మిల్లీలీటరుకు 1–5 మైక్రోగ్రాములు), రెండోదానికి బదులుగా యాంటీ-సీడీ28ని కణాలు పెంచే ద్రవంలో కలుపుతారు (మిల్లీలీటరుకు 1–2 మైక్రోగ్రాములు). సీడీ3 మోతాదు మరీ ఎక్కువైతే సీడీ28 తేడా కనబడదు, అందుకే సీడీ3ని తగ్గిస్తూ పోయి చూడాలి. పాడవకుండా సోడియం అజైడ్ కలిపిన యాంటీబాడీ వాడితే కణాలు చచ్చిపోతాయి, నింద మాత్రం సంకేతం మీద పడుతుంది.

జవాబు 3: ‘సహ’ అంటున్నాం కదా, రెండోది ఒంటరిగా ఏమీ చేయదని రాసేయకండి. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే సీడీ28 సూపర్ అగోనిస్టు (సీడీ28ని మామూలు కన్నా చాలా గట్టిగా ఉత్తేజపరిచే) యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు కిలోకు 0.1 మిల్లీగ్రాము ఇచ్చారు. మొదటి సంకేతం లేకుండానే టీ కణాలు రేగాయి. ఆరుగురూ సైటోకైన్ తుఫానుతో, అంటే రోగనిరోధక కణాల సంకేత రసాయనాలు ఒక్కసారిగా వెల్లువెత్తడంతో, ఐసీయూలో చేరారు. ప్రాణాలు దక్కాయి. మామూలు యాంటీ-సీడీ28 అలా చేయదు.

అడిగినవారు: ధన్యవాదాలండీ. “సహ ఉద్దీపన లేనిదే టీ కణాలు సంఖ్యావృద్ధి చెందవు” అని మార్చాను.

జవాబు 1: ‘టీ కణాలు’ ముందు ‘ఇంతవరకూ యాంటిజెన్‌ను (తాము గుర్తుపట్టే పదార్థాన్ని) ఎదుర్కోని’ అని చేర్చండి. ఒకసారి ఎదుర్కొని మిగిలిన జ్ఞాపక కణాలకు సీడీ28తో అంత అవసరం లేదు.