ఓనరే టీమ్ నడిపిస్తే ఇక కోచ్ ఎందుకు?

ప్రశ్న:
మన ఫుట్‌బాల్ క్లబ్ కొత్త కోచ్‌ని చూశారుగా? సీనియర్ జట్టును ఒక్క మ్యాచ్‌లో కూడా నడిపించని మనిషి, ఓనర్‌కి స్నేహితుడు, అదొక్కటే అర్హత. మొన్న 70వ నిమిషంలో ఆటగాడిని మార్చే ముందు తలెత్తి ఓనర్ కూర్చున్న బాక్స్ వైపు చూశాడు, ఆ తర్వాతే ఆటగాళ్ల నంబర్ల బోర్డు పైకి లేచింది, కడుపు మండిపోయింది నాకు. ఇలాంటి క్లబ్ ఎప్పుడైనా బాగుపడిందా?

జవాబు:
స్పెయిన్ క్లబ్ వాలెన్సియాలో అచ్చం ఇదే జరిగింది. 2015 డిసెంబర్‌లో ఓనర్ పీటర్ లిమ్ తన వ్యాపార భాగస్వామి గ్యారీ నెవిల్‌ని తెచ్చి కోచ్‌ని చేశాడు, అంతకుముందు నెవిల్ ఏ క్లబ్‌కీ హెడ్ కోచ్ కాదు. బార్సిలోనా చేతిలో 7-0తో ఓటమి, మార్చిలో నెవిల్ ఇంటికి. అంతకంటే ఘోరం 2019లో: స్పెయిన్ కప్పు కోపా డెల్ రే గెలిపించిన కోచ్ మార్సెలీనోని నాలుగు నెలలు తిరక్కుండానే పీకేశారు.

జవాబు:
అలాగని ఊరుకోకండి. వేల్స్ క్లబ్ కార్డిఫ్‌లో ఓనర్ విన్సెంట్ టాన్ 2012లో నీలం జెర్సీని ఎరుపు చేసేశాడు, అభిమానులు పట్టు వదల్లేదు, 2015 జనవరిలో నీలం తిరిగొచ్చింది.

జవాబు:
జర్మనీలో 50+1 రూల్ ఉంది, కొన్ని మినహాయింపులు తప్ప క్లబ్ ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలి. మనకి అలాంటిది లేకపోవడమే అసలు జబ్బు.

ప్రశ్న అడిగినవారు:
కార్డిఫ్ సంగతి విన్నాక కాస్త ధైర్యం వచ్చింది. వచ్చే హోమ్ మ్యాచ్‌కి బ్యానర్ పట్టుకొస్తా, ఎవరెవరు వస్తారు?